క్లాజ్‌ను పట్టి ఇచ్చేది క్రియ, కంజంక్షన్ల జాబితా కాదు

సంపాదకులకు నమస్కారం.

పోటీ పరీక్షల అభ్యర్థుల కోసం మీ పత్రిక విద్యా పుటలో ఇంగ్లిష్ వ్యాకరణ పాఠాలు వరుసగా వెలువడుతున్నాయి. వాటిలో సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్ వాక్యాల గురించి ఇటీవల వచ్చిన పాఠం చదివాక ఈ లేఖ రాయవలసి వచ్చింది. ఆ పాఠం మొత్తాన్ని మూడు ముక్కల్లో చెప్పవచ్చు: వాక్యంలో ‘అండ్, బట్, ఆర్, సో’ వంటి మాటలుంటే అది కాంపౌండ్, ‘బికాజ్, ఇఫ్, వెన్, ఆల్దో, దట్’ వంటివి ఉంటే కాంప్లెక్స్, ఈ రెండు జాబితాల్లోని మాట ఏదీ కనిపించకపోతే సింపుల్. ఈ సూత్రం మీ పాఠ రచయిత ఒక్కరి సొంతం కాదు. బజారులో దొరికే గైడ్లలో చాలా వాటిలో ఇదే ఉంటుంది, కోచింగ్ తరగతుల్లో ఇదే బోర్డు మీదకు ఎక్కుతుంది. పరీక్ష హాలులో సమయం ఆదా చేసే చిట్కాగా దీనికి గిరాకీ ఉండవచ్చు గానీ, నేర్చుకునేవారికి ఇది చేసే హాని దానివల్ల దక్కే రెండు మార్కుల కంటే చాలా పెద్దదని నా అభిప్రాయం.

క్లాజ్ అంటే సొంత కర్త, క్రియ గల వాక్యభాగం. అది ఒక్కటే ఉంటే సింపుల్, సమాన హోదా గలవి కలిస్తే కాంపౌండ్, ఒక మెయిన్ క్లాజ్‌కు మరొకటి సబార్డినేట్‌గా, అంటే లోబడి, ఉంటే కాంప్లెక్స్. మొదట జాబితా ఎక్కడెక్కడ తప్పుతుందో చూద్దాం. ‘ది బాయ్ అండ్ హిజ్ సిస్టర్ వెంట్ హోమ్’ అనే వాక్యంలో ‘అండ్’ ఉంది, కానీ అది కలిపింది రెండు పేర్లను మాత్రమే, వాక్యం సింపుల్. ‘ఎవ్రీబడీ బట్ రవి కేమ్’ అన్నప్పుడు ‘బట్’ అసలు కంజంక్షన్ పనే, అంటే కలిపే పనే, చేయడం లేదు, ‘తప్ప’ అనే అర్థంలో ప్రిపోజిషన్‌గా నిలిచింది, ఇదీ సింపులే. ‘ఆఫ్టర్, బిఫోర్, సిన్స్, అంటిల్’ అనే నాలుగు మాటలు రెండు వేషాలూ వేస్తాయి. ‘ఆఫ్టర్ లంచ్, దే లెఫ్ట్’ సింపుల్ అయితే, ‘ఆఫ్టర్ దే ఫినిష్డ్ లంచ్, దే లెఫ్ట్’ కాంప్లెక్స్. ఇక జాబితాలోని మాట ఒక్కటీ లేకుండానే ‘ఐ నో హి ఈజ్ రైట్’ అనే అయిదు పదాల వాక్యం కాంప్లెక్స్ అవుతుంది, ఎందుకంటే అక్కడ ఉండవలసిన ‘దట్’ను ఇంగ్లిష్ వాడుకలో ధారాళంగా వదిలేస్తారు. ‘ది బుక్ ఐ బాట్ ఈజ్ మిస్సింగ్’ కూడా అంతే. ‘విచ్’ కనబడదు, క్లాజ్ మాత్రం ఉంది. కంజంక్షన్‌ను చూసి వాక్యం రకాన్ని తేల్చడం చొక్కా రంగును బట్టి మనిషిని గుర్తుపట్టడం వంటిది. చొక్కా మారిన రోజున ఆ మనిషి మనకు అపరిచితుడైపోతాడు.

మరి దేన్ని చూడాలి? ఇంగ్లిష్‌లో ‘ఫైనైట్ వెర్బ్’ అనీ, మన వ్యాకరణంలో సమాపక క్రియ అనీ చెప్పుకునే దాన్ని చూడాలి. వాక్యంలో ఫైనైట్ క్రియలు ఎన్ని ఉంటే, బడి వ్యాకరణం లెక్కలో క్లాజులు అన్ని. ఫైనైట్ క్రియ అంటే కాలాన్ని తన మీద మోసేది, కర్తను బట్టి రూపం మార్చుకునేది. దాన్ని పట్టుకోవడానికి సులువైన పరీక్ష ఒకటి ఉంది: వాక్యాన్ని వర్తమానం నుంచి భూతకాలానికి గాని, భూతకాలం నుంచి భవిష్యత్తుకు గాని మార్చి చూడాలి, ఏ క్రియ కదిలిందో అదే ఫైనైట్. ‘ది మ్యాన్ స్టాండింగ్ నియర్ ది డోర్ వాంట్స్ టు మీట్ యు’ అనే వాక్యంలో క్రియల వంటివి మూడు కనిపిస్తాయి. భూతకాలంలోకి మారిస్తే ‘వాంట్స్’ ఒక్కటే ‘వాంటెడ్’ అవుతుంది. ‘స్టాండింగ్’ గాని ‘టు మీట్’ గాని చలించవు. కనుక క్లాజ్ ఒకటే, వాక్యం సింపుల్. అదే మాటను ‘ది మ్యాన్ హూ ఈజ్ స్టాండింగ్ నియర్ ది డోర్ వాంట్స్ టు మీట్ యు’ అని చెబితే ‘ఈజ్’ కాస్తా ‘వాజ్’ అవుతుంది, ‘వాంట్స్’ కాస్తా ‘వాంటెడ్’ అవుతుంది. ఇప్పుడు క్లాజులు రెండు, వాక్యం కాంప్లెక్స్.

‘ది బుక్స్ బాట్ లాస్ట్ ఇయర్ ఆర్ మిస్సింగ్’ వంటి వాక్యాల్లో విద్యార్థులు ‘బాట్’ దగ్గర ఆగిపోతారు, అది భూతకాల క్రియలాగే కనిపిస్తుంది కనుక. వాక్యాన్ని భవిష్యత్తులోకి మారిస్తే ‘ఆర్’ స్థానంలో ‘విల్ బి’ వస్తుంది, ‘బాట్’ ఉన్నచోటే ఉండిపోతుంది. పైగా పుస్తకాలు తమంతట తాము దేన్నీ కొనలేవు గదా. ‘హాజ్ బీన్ వెయిటింగ్’ వంటి క్రియల గొలుసులో మొదటి ముక్క ఒక్కటే ఫైనైట్, గొలుసు మొత్తాన్ని ఒకటిగానే లెక్కించాలి. ‘మస్ట్’ వంటి మోడల్ క్రియలు కాలానికి లొంగకపోయినా వాటిని ఫైనైట్‌గానే తీసుకోవాలి. ‘కమ్ ఇన్’ వంటి ఆజ్ఞార్థకాలకు పై పరీక్ష పనికిరాదు గానీ, అక్కడ ‘యు’ అనే కర్త చెప్పకుండానే అర్థమవుతుంది కనుక దాన్నీ పూర్తి క్లాజ్‌గానే పరిగణిస్తారు. ‘షి ఓపెన్డ్ ది డోర్ అండ్ వెంట్ ఇన్’ వంటి వాక్యం విషయంలో మాత్రం పుస్తకాలకు పుస్తకాలకు మధ్యే పొత్తు కుదరదు. కర్త ఒక్కటే గనుక ఇది జంట క్రియలున్న సింపుల్ వాక్యమని కొందరు, రెండో కర్తను లోపింపజేసిన కాంపౌండ్ వాక్యమని కొందరు అంటారు. ఇటువంటి వాక్యాన్ని బహుళైచ్ఛిక ప్రశ్నగా ఇచ్చి ఒకే జవాబుకు మార్కు వేయడం న్యాయం కాదని పరీక్షలు తయారుచేసేవారికి కూడా ఈ సందర్భంగా మనవి చేస్తున్నాను.

ఇంతవరకు చెప్పినది ఏ భాష వారికైనా వర్తించే సంగతి. తెలుగు మాధ్యమంలో చదివినవారికి దీని పైన మరొక చిక్కు ఉంది. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది దాని గురించే. తెలుగు వాచకంలో సామాన్య, సంయుక్త, సంశ్లిష్ట వాక్యాలను మనం ముందే నేర్చుకుని ఉంటాం. ఇంగ్లిష్ తరగతిలో సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్ అని వినగానే ఆ మూడింటికీ ఈ మూడు పేర్లేనని వరుసగా అతికించేస్తాం. మీ పాఠంలోనూ కుండలీకరణాల్లో అదే జరిగింది. కానీ ఈ రెండు వర్గీకరణల సరిహద్దులు ఒకచోట లేవు.

‘ఆమె ఉత్తరం చదివి ఏడ్చింది’ అనేది మనకు సంశ్లిష్ట వాక్యం. ‘చదివి’ క్త్వార్థకం, అంటే వాక్యాన్ని ముగించని అసమాపక క్రియ; ‘ఏడ్చింది’ సమాపక క్రియ. ఒక సమాపక క్రియతో పాటు ఒకటి గాని అంతకంటే ఎక్కువ గాని అసమాపక క్రియలుంటే అది సంశ్లిష్టమని మన నిర్వచనం. దీన్ని ఇంగ్లిష్‌లో ‘హావింగ్ రెడ్ ది లెటర్, షి క్రైడ్’ అని చెబితే, అది బడి వ్యాకరణం ప్రకారం సింపుల్ వాక్యం, ఎందుకంటే ఫైనైట్ క్రియ ‘క్రైడ్’ ఒక్కటే. ‘ఆఫ్టర్ షి రెడ్ ది లెటర్, షి క్రైడ్’ అంటే కాంప్లెక్స్. ‘షి రెడ్ ది లెటర్, అండ్ షి క్రైడ్’ అంటే కాంపౌండ్. తెలుగులో ఒకే సంశ్లిష్ట వాక్యంగా ఉన్న భావం ఇంగ్లిష్‌లో మూడు గదుల్లో దేనిలోనైనా చేరగలదన్న మాట. ఇది తెలియని విద్యార్థి ‘హావింగ్ రెడ్’ను తెలుగులో ‘చదివి’ అని అర్థం చేసుకుని, ‘చదివి’ ఉంటే సంశ్లిష్టం, సంశ్లిష్టమంటే కాంప్లెక్స్ అని తర్కించి జవాబు తప్పు రాస్తాడు. అతని తర్కంలో లోపం లేదు. మనం ఇచ్చిన సమీకరణంలోనే ఉంది.

సంయుక్త వాక్యం విషయంలోనూ ఇటువంటిదే జరుగుతుంది. ‘రవి, గోపి అన్నదమ్ములు’ వంటి వాక్యాన్ని మన వాచకాలు సంయుక్తం కింద చూపిస్తాయి, రెండు సామాన్య వాక్యాలు కలిసి ఏర్పడిందని భావిస్తాయి గనుక. ‘రవి అండ్ గోపి ఆర్ బ్రదర్స్’ ఇంగ్లిష్‌లో నిస్సందేహంగా సింపుల్. ఇంకొక తేడా కూడా ఉంది. తెలుగులో ‘ఆయన డాక్టరు’ అంటే క్రియ లేకుండానే వాక్యం నిండుగా నిలబడుతుంది. ఇంగ్లిష్‌లో ‘ఈజ్’ లేనిదే అది వాక్యం కాదు. క్రియ లేని వాక్యాలతో పెరిగిన మనకు, ఇంగ్లిష్ క్లాజ్‌కు ఫైనైట్ క్రియ ప్రాణమనే సంగతిని ప్రత్యేకంగా చెప్పి తీరాలి. ఆ ఒక్క మాటా చెప్పకుండా కంజంక్షన్ల జాబితా చేతికివ్వడం వల్లనే ఇంత గందరగోళం.

న్యాయంగా ఒక విషయం ఒప్పుకోవాలి. ఫైనైట్ క్రియ ఉంటేనే క్లాజ్ అనేది సంప్రదాయ బడి వ్యాకరణం నియమమే గానీ, ఇంగ్లిష్ వ్యాకరణవేత్తలందరి అభిప్రాయం కాదు. 1985లో క్వెర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ కలిసి వెలువరించిన బృహద్వ్యాకరణం ‘హావింగ్ రెడ్ ది లెటర్’ వంటి వాటినీ నాన్‌ఫైనైట్ (ఫైనైట్ క్రియ లేని) క్లాజులుగానే లెక్కిస్తుంది. ఆ లెక్కన పై వాక్యం కాంప్లెక్సే అవుతుంది, మన సంశ్లిష్ట వాక్యానికి దగ్గరగానూ వస్తుంది. హడిల్‌స్టన్, పుల్లమ్ 2002లో ప్రచురించిన వ్యాకరణం కూడా నాన్‌ఫైనైట్ క్లాజులను అంగీకరిస్తుంది. పోటీ పరీక్షలు ఇప్పటికీ పాత పద్ధతినే అనుసరిస్తున్నాయి గనుక అభ్యర్థి దానికే కట్టుబడాలి. అయితే ఆ పద్ధతి ఏమిటో, దానికి ఆధారం ఫైనైట్ క్రియేనని అతనికి ఎవరో ఒకరు చెప్పాలి గదా.

క్లాజుల సంఖ్యను లెక్కించేటప్పుడు తెలుగు మనల్ని పక్కదారి పట్టిస్తే, వాటి పనిని గుర్తించేటప్పుడు అదే తెలుగు మనకు గొప్ప సాయం చేస్తుంది. మీ పాఠం ఈ సాయాన్ని పూర్తిగా విస్మరించింది. సబార్డినేట్ క్లాజ్ మూడు రకాలు: నామవాచకం పని చేసే నౌన్ క్లాజ్, విశేషణం పని చేసే అడ్జెక్టివ్ క్లాజ్, క్రియావిశేషణం పని చేసే అడ్వెర్బ్ క్లాజ్. ‘వెన్’ ఉంటే అడ్వెర్బ్ క్లాజ్ అని మీ పాఠం తేల్చేసింది. ఈ మూడు వాక్యాలు చూడండి. ‘ఐ విల్ కాల్ యు వెన్ హి కమ్స్.’ ‘ఐ డోన్ట్ నో వెన్ హి విల్ కమ్.’ ‘ఐ రిమెంబర్ ది డే వెన్ హి కేమ్.’ మూడింటిలోనూ ‘వెన్’ ఉంది, కానీ మూడు క్లాజులూ వేరువేరు పనులు చేస్తున్నాయి. ఇంగ్లిష్ ఈ తేడాను మాటలో చూపదు, తెలుగు చూపుతుంది. మొదటిది ‘అతను వచ్చినప్పుడు’, రెండోది ‘అతను ఎప్పుడు వస్తాడో’, మూడోది ‘అతను వచ్చిన రోజు’. తెలుగులో చెప్పుకుంటే క్రియ ‘-ఓ’తో ముగిసిందా, అది నౌన్ క్లాజ్. ‘వచ్చిన’ వంటి ధాతుజ విశేషణమై (క్రియ నుంచి పుట్టిన విశేషణమై) ఒక నామవాచకం ముందు నిలిచిందా, అడ్జెక్టివ్ క్లాజ్. ‘వచ్చినప్పుడు, వస్తే, వచ్చినా, రావడం వల్ల’ వంటి రూపం వచ్చిందా, అడ్వెర్బ్ క్లాజ్.

ఇది కేవలం పేర్లు పెట్టే ఆట కాదు. పై మొదటి వాక్యంలో ‘వెన్ హి విల్ కమ్’ అనకూడదు, భవిష్యత్తును సూచించే కాలవాచక అడ్వెర్బ్ క్లాజులో వర్తమాన రూపమే వాడాలి. రెండో వాక్యంలోనిది నౌన్ క్లాజ్ గనుక అక్కడ ‘విల్’ రావచ్చు. ‘ఇఫ్’ కూడా ఇదే తీరు. ‘ఐ డోన్ట్ నో ఇఫ్ హి విల్ కమ్’లో ‘ఇఫ్’ అంటే ‘వస్తాడో రాడో’. ‘ఇఫ్ హి కమ్స్, ఐ విల్ టెల్ హిమ్’లో ‘ఇఫ్’ అంటే ‘వస్తే’. ‘ఇఫ్ తరువాత విల్ రాదు’ అని గుడ్డిగా బట్టీపట్టిన విద్యార్థి మొదటి వాక్యాన్ని తప్పని కొట్టేస్తాడు. క్లాజ్ పనిని గుర్తించగలిగినవాడికి ఈ రెండు సూత్రాలూ వేరువేరుగా కంఠస్థం చేయవలసిన అవసరమే రాదు.

‘దట్’ దగ్గర తెలుగు మరింత నిక్కచ్చిగా దారి చూపుతుంది. ‘ది న్యూస్ దట్ హి హ్యాడ్ వన్ సర్‌ప్రైజ్డ్ అస్’ అంటే ‘అతను గెలిచాడన్న వార్త’. ‘ది న్యూస్ దట్ హి బ్రాట్ సర్‌ప్రైజ్డ్ అస్’ అంటే ‘అతను తెచ్చిన వార్త’. ‘అని, అన్న, అనే’ అనే మాటలు తెలుగులో వచ్చినచోట అది నౌన్ క్లాజ్. అవి లేకుండా ‘తెచ్చిన’ అని నేరుగా పేరుకు అతుక్కున్నచోట అడ్జెక్టివ్ క్లాజ్. ఇంగ్లిష్‌లోనే పరీక్షించాలంటే రెండో వాక్యంలో ‘దట్’ బదులు ‘విచ్’ పెట్టవచ్చు, మొదటి దానిలో పెట్టలేం. ఈ రెండు పద్ధతులూ ఒకే ఫలితాన్ని ఇస్తాయి గానీ, తెలుగు పిల్లవాడికి మొదటిది క్షణంలో పని.

మాతృభాష సాయాన్ని ఒప్పుకున్నంత మాత్రాన అది తెచ్చే పొరపాట్లను దాచనక్కరలేదు. ‘నిన్న వచ్చిన అబ్బాయి’ అన్నప్పుడు తెలుగులో విశేషణం పేరుకు ముందు వస్తుంది, దానికి ‘హూ’ వంటి సర్వనామం అక్కరలేదు. ఇంగ్లిష్‌లో ఆ క్లాజ్ పేరు తరువాత వస్తుంది, ‘హూ, విచ్, దట్’ ఆ పేరు తరఫున లోపల కూర్చుంటాయి. ఈ సంగతి మనసుకు పట్టనప్పుడు ‘ది బుక్ విచ్ ఐ బాట్ ఇట్’ వంటి వాక్యాలు పుడతాయి. ‘విచ్’ ఇదివరకే పుస్తకం పక్షాన ఉన్నా, పక్కనే ‘ఇట్’ను కూడా నిలబెడతాం. ‘అతను ఎక్కడ ఉన్నాడో తెలియదు’ అనడానికి ‘ఐ డోన్ట్ నో వేర్ ఈజ్ హి’ అంటాం. ప్రశ్న నౌన్ క్లాజ్‌గా మారి మరొక వాక్యంలో ఒదిగినప్పుడు కర్త ముందుకు వచ్చి ‘వేర్ హి ఈజ్’ కావాలి. ‘వర్షం కురిసినా ఆట ఆగలేదు’ అనడానికి ‘ఆల్దో ఇట్ రెయిన్డ్, బట్ ది మ్యాచ్ డిడ్ నాట్ స్టాప్’ అని రాసేవారు కోకొల్లలు. ‘ఆల్దో’ ఒక క్లాజ్‌ను సబార్డినేట్ చేసేసిన తరువాత ‘బట్’కు కలపడానికి సమాన హోదా గల రెండు క్లాజులే మిగలవు. ఇవన్నీ క్లాజ్ అంటే ఏమిటో తెలియనందువల్ల జరిగే తప్పులే తప్ప కంజంక్షన్ల అర్థం తెలియనందువల్ల జరిగేవి కావు.

కామాల గురించి మీ పాఠంలో ఒక్క మాటా లేదు. ‘మై బ్రదర్ హూ ఈజ్ ఎ డాక్టర్ లివ్స్ హియర్’ అని కామాలు లేకుండా రాస్తే నాకు ఒకరి కంటే ఎక్కువమంది సోదరులున్నారనీ, వారిలో డాక్టరైనవాడు ఇక్కడ ఉంటాడనీ అర్థం. ‘హూ ఈజ్ ఎ డాక్టర్’కు రెండు వైపులా కామాలు పెడితే సోదరుడు ఒక్కడేననీ, అతను డాక్టరన్నది అదనపు సమాచారమనీ అర్థం. అలాగే రెండు స్వతంత్ర క్లాజుల మధ్య ఒంటరి కామా పెట్టి సరిపెట్టడం మన రాతల్లో సర్వసాధారణం. తెలుగులో అది చెల్లుతుంది. లాంఛనమైన ఇంగ్లిష్‌లో అక్కడ ఫుల్‌స్టాపో, సెమికోలనో, కామాతో పాటు కంజంక్షనో కావాలి. ‘హౌఎవర్, దేర్‌ఫోర్’ కంజంక్షన్లు కావు గనుక కామా సరసన వాటిని పెట్టినా లోపం తీరదు.

మీ పాఠం చివర ఇచ్చిన అభ్యాసంలో రెండు వేరు వర్గీకరణలు కలిసిపోయాయి. డిక్లరేటివ్, ఇంటరాగేటివ్, ఇంపరేటివ్, ఎక్స్‌క్లమేటరీ అనేవి వాక్యం చేసే పనిని బట్టి వచ్చిన పేర్లు. సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్ అనేవి నిర్మాణాన్ని బట్టి వచ్చినవి. ‘డు యు నో వేర్ హి ఈజ్?’ అనేది ఏకకాలంలో ఇంటరాగేటివూ, కాంప్లెక్సూ. ‘ఇది ఏ రకం వాక్యం?’ అని అడిగి ఇంటరాగేటివ్‌నూ కాంప్లెక్స్‌నూ ఒకే ప్రశ్నకు నాలుగు ఎంపికల్లో చేర్చితే రెండు జవాబులూ ఒప్పే. సమాన హోదా గల క్లాజులతో పాటు సబార్డినేట్ క్లాజ్ కూడా ఉండే కాంపౌండ్-కాంప్లెక్స్ అనే నాలుగో నిర్మాణ రకాన్ని పాఠం ప్రస్తావించనే లేదు. ‘ఐ వెయిటెడ్ అంటిల్ ఇట్ గాట్ డార్క్, బట్ నోబడీ కేమ్’ వంటి వాక్యాన్ని జాబితా పద్ధతిలో ఎక్కడ పెట్టాలో అభ్యర్థికి తోచదు.

ఒక రకం వాక్యాన్ని మరో రకంగా మార్చే అభ్యాసాల మీద నాకు వ్యతిరేకత లేదు. ‘హి ఈజ్ టూ వీక్ టు వాక్’ను ‘హి ఈజ్ సో వీక్ దట్ హి కెనాట్ వాక్’గా మార్చినప్పుడు ఒక నాన్‌ఫైనైట్ ముక్క ఫైనైట్ క్లాజ్‌గా విచ్చుకోవడం కళ్ళకు కడుతుంది. అయితే మార్చిన తరువాత అర్థం అచ్చంగా అదేనని బోధించడం సరికాదు. ‘ఆల్దో హి ఈజ్ రిచ్, హి ఈజ్ అన్‌హ్యాపీ’ అన్నవాడు దుఃఖం గురించి చెబుతున్నాడు. ‘హి ఈజ్ రిచ్, ఆల్దో హి ఈజ్ అన్‌హ్యాపీ’ అన్నవాడు డబ్బు గురించి చెబుతున్నాడు. దేన్ని మెయిన్ క్లాజ్‌గా నిలబెట్టాలి, దేన్ని దాని కింద ఉంచాలి అన్నది రాసేవాడి నిర్ణయం. వ్యాసరచన ప్రశ్నలకు సిద్ధమయ్యేవారికి ఈ నిర్ణయం ఎలా చేయాలో చెప్పడం, రకాల పేర్లు చెప్పించడం కంటే ఎన్నో రెట్లు ఉపయోగం.

మీ పాఠ రచయితకు నా విన్నపం ఇది. తరువాతి పాఠంలో కంజంక్షన్ల పట్టికకు ముందు ఫైనైట్ క్రియను గుర్తించే అభ్యాసం ఒకటి ఇవ్వండి. ప్రతి వాక్యంలోనూ ఆ క్రియల కింద గీత గీయించి, ఆ తరువాతే రకం అడగండి. సంశ్లిష్ట వాక్యమే కాంప్లెక్స్ వాక్యమన్న సమీకరణాన్ని తొలగించండి. అభ్యాసం జవాబుల్లో ‘నోబడీ బట్ ది వాచ్‌మన్ హాజ్ ది కీ’ అనే వాక్యాన్ని కాంపౌండ్ అని ముద్రించారు. అందులో ఉన్న ఫైనైట్ క్రియ ‘హాజ్’ ఒక్కటే గనుక అది సింపుల్ వాక్యం. పరీక్షలు దగ్గరపడుతున్నందున ఆ జవాబును సవరించి వీలైనంత త్వరగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు